రూతమ్మ టీచరు వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఎదుటి మనిషి చేత 'నేను బాగున్నాను' అని చెప్పించి, ఆ మాట వినగానే మీరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్న సందర్భం ఒక్కటైనా లేదా? లేదని తొందరపడి అనకండి. ఆసుపత్రి మంచం పక్కన, చావు జరిగిన ఇంటి గుమ్మంలో, ఉద్యోగం పోయిన స్నేహితుడి ఎదుట మనమందరం చేసే పనే అది. మన భయం తీరడానికి వాళ్ళ నోట ఆ మాట రావాలి. వస్తే లేచి వచ్చేస్తాం.

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం వేలూరులో బాగాయం వీధిలో నడుస్తున్నాను. రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన చిన్న ప్రార్థన మందిరం, దాని మీద లౌడ్‌స్పీకరు. ఎవరో ఆడమనిషి తనకు నయమైన జబ్బు గురించి చెబుతోంది. మైకు మధ్యమధ్య కీచుమంటోంది. ఆమె ఆగినప్పుడల్లా పక్కనుంచి ఎవరో మెల్లగా మాట అందిస్తున్నారు. ఆ గుసగుస కూడా వీధంతా వినబడుతోంది. "పూర్తిగా అని చెప్పమ్మా" అంది ఆ గొంతు. "పూర్తిగా" అంది ఆమె. లోపల చప్పట్లు మోగాయి. నేను అక్కడే ఆగాను. తమిళనాట వేలూరు పక్కనే ఉన్న మా ఊరు గుడియాత్తంలో రూతమ్మ టీచరు గొంతు గుర్తొచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమెను ఎరగని మీకోసం ఇది రాస్తున్నాను.

నేను దేవుణ్ణి నమ్మను. అప్పుడూ నమ్మలేదు. మా నాయనకు గుడియాత్తం బజారులో పప్పులు, నూనెలు అమ్మే అంగడి ఉండేది. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం. తెలుగు మాట్లాడడమే కాని చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. దేవుడు లేడనే పార్టీలో చేరి వాళ్ళ నల్లచొక్కా వేసుకున్న రోజు నాయన నన్ను చూసి, "చొక్కా మాసినా కనబడదు, మంచిదే" అని మళ్ళీ తక్కెడ వైపు తిరిగాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో గోడ ఖాళీగా కనిపిస్తే దాని మీద పార్టీ పేరు, సాయంత్రం ఖాళీగా ఉంటే ఏదో ఒక మూల మీటింగు. మగ్గాల వాళ్ళు, బీడీలు చుట్టేవాళ్ళు, అగ్గిపెట్టెల కంపెనీల వాళ్ళు పని దిగి నేరుగా వచ్చి నిలబడేవాళ్ళు. నిలబడి వినే మనిషి ముందు మాట్లాడడం ఎలాగో మేమక్కడ నేర్చుకున్నాం. తర్కం, వెక్కిరింత, చివర్లో చప్పట్లు.

అలా ఒక సాయంత్రం చర్చి వీధి మొగలో మాట్లాడాను. ప్రార్థన వల్ల లోకంలో ఒక్క బస్సయినా బోల్తా పడకుండా ఆగిందా అని అడిగాను. మర్నాడు అదే వీధిలో సైకిలు మీద పోతుంటే అరుగు మీద నుంచి ఒక ముసలామె పిలిచింది. తెల్లచీర, చేతికి గడియారం. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన రూతమ్మ టీచరని ఊరంతటికీ తెలుసు.

"నిన్న మాట్లాడింది నువ్వే గదా? పేరేందప్పా?"

"వెంకటేశన్ అమ్మా."

"ఏడుకొండలాయన పేరు పెట్టుకొని దేవుడు లేడంటే జనం యాడ నమ్ముతారు? సరి, కూర్చో. తిరువలం కాడ బస్సు బోల్తా పడిందని చెప్పినావే, పోయి చూసినావా?"

"పేపర్లో చదివినాను."

"నేను పోయొచ్చినాను. డ్రైవరు తాగినాడని నువ్వు చెప్పినావు. ఆయప్ప తాగలా. బ్రేకు పట్టలా. మళ్ళా మాట్లాడేటప్పుడు అది కూడా చెప్పు నాయనా. దేవుణ్ణి తిట్టుకో, ఆయన తట్టుకుంటాడు. డ్రైవరుకు ఉద్యోగం పోతాది."

నాకు కోపం వచ్చింది. అయినా ఆ శనివారం మళ్ళీ వెళ్ళాను. వాదించి గెలవాలన్న పట్టుదలతోనే వెళ్ళానని చెప్పడానికి సిగ్గేమీ లేదు. శనివారం సాయంత్రం ఆమె ఇంట్లో ఒక కూడిక జరిగేది. చిత్తూరు బస్సులో తెలుగు పేపరు వచ్చేది, ఒకరోజు ఆలస్యంగా. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చాప మీద కూర్చునేవారు. టీచరమ్మ వార్తలు చదివేది. ఒక్కో వార్త కాగానే తల ఎత్తి, "ఈ వార్తలో దెబ్బ తగిలినోళ్ళు ఎవురు?" అని అడిగేది. దూరపు ఊళ్ళ సంగతయితే ఊరి పేరు తలచుకుని ఊరుకునేవారు. దగ్గరి ఊరిదయితే రెండో ప్రశ్న వచ్చేది. "వాళ్ళకాడికి ఎవురు పోతారు?" ఎవరో ఒకరు ఒప్పుకుంటేనే ఆ వార్త మీద ప్రార్థన. ఒప్పుకోకపోతే ప్రార్థన లేదు, తర్వాతి వార్త. "దేవుడికి పని చెప్పి మనం కాళ్ళు చాపుకొని కూర్చుంటే ఎట్ల?" అనేది.

ధరల గురించీ, ఎన్నికల గురించీ కూడా ఇదే పద్ధతి. "మంత్రి మాట మారిస్తే ఏమని ప్రార్థన చేస్తారమ్మా?" అని ఒకసారి ఎగతాళిగా అడిగాను.

"ఓటేసిన మాకు బుద్ధి రావాలని" అంది. చాప మీద ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ పేపరు నాకు చదవడం రాదని ఆమె పసిగట్టింది. "నాతో వాదించాలంటే నా పేపరు చదవాల. చదవాలంటే అక్షరాలు రావాల" అని బలపం చేతికిచ్చింది. పెద్దవాణ్ణి, మీసాలవాణ్ణి, ఆమె అరుగు మీద కూర్చుని అ ఆలు దిద్దాను. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు ఆ అరుగు మీదిదే. ఆమె నన్ను మతంలోకి పిలవలేదు. పిలిచి ఉంటే వాదన సులువయ్యేది.

ఆ చాప మీద కూర్చునే వాళ్ళలో సుగుణ అందరికన్నా చిన్నది. ఇంట్లో తల్లి, తనూ ఇద్దరే. సుగుణది జ్ఞానయ్య అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పెట్టెల్లో నింపే పని. జ్ఞానయ్య చర్చిలో పెద్ద. మంచివాడని పేరు, ఆ పేరు అబద్ధం కాదు. ఒకరోజు పుల్లలు ఒకదానికొకటి రాసుకుని మంట లేచింది. నింపే చోట అది అప్పుడప్పుడూ జరిగేదే, చేత్తో అణిచేస్తారు. ఆ రోజు పక్కనున్న పళ్ళెం కూడా అంటుకుంది. సుగుణ కుడిచెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి, స్వల్ప గాయాలని. ఆ పేపరు చిత్తూరు బస్సు దిగేసరికి టీచరమ్మ అప్పటికే వేలూరు ఆసుపత్రిలో సుగుణ మంచం దగ్గర ఉంది.

అక్కడ బాగా చూశారు. తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. ప్రాణానికి భయం లేదు, కాని వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. చర్మం కుదురుకున్నాక ఇంకో ఆపరేషను చేసి వేళ్ళు తెరవాలనీ, ఆలస్యం చేయొద్దనీ డాక్టరు చెప్పాడు. జ్ఞానయ్య ఆసుపత్రి వసారాలో అందరి ముందూ, "పూర్తిగా బాగయ్యేదాకా నాది బాధ్యత" అన్నాడు. ఆ మాట నేను విన్నాను.

సుగుణ ఊరికి వచ్చిన కొద్ది రోజులకే కోతపండుగ. ఆ పండుగకు చర్చిలో గుమ్మడికాయలు, బియ్యం, అరటిగెలలు తెచ్చి పెడతారు. ఆపద దాటిన వాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు, ఫలానా కష్టంలోంచి దేవుడు నన్ను బయటికి తెచ్చాడని. సుగుణ చెప్పాలని టీచరమ్మ పట్టుబట్టింది. ముందు రోజు అరుగు మీద జరిగిన మాటలు నేను పక్కనే కూర్చుని విన్నాను.

"టీచరమ్మా, వేళ్ళు ఇంకా రాలా గదా. ఏమని చెప్పేది?"

"బాగయిందనే చెప్పు తల్లీ."

"అబద్ధం కాదా?"

"అబద్ధం యాడుండాది? విశ్వాసం అంటే అదే. కాబోయేదాన్ని అయినట్టే చెప్పాల. నోరు ముందు నడిస్తే చెయ్యి ఎనక వస్తాది. పూర్తిగా బాగయింది అని చెప్పు."

నేను నవ్వాను. నోరు నడిస్తే చెయ్యి నడిచేటట్టయితే మా పార్టీ వక్తలందరికీ ఈపాటికి ఎన్నో చేతులుండాలన్నాను. టీచరమ్మ కూడా నవ్వింది. ఆ రోజు మేమిద్దరం మహిమల మీద చాలాసేపు వాదించుకున్నాం. సుగుణ చెయ్యి కొంగులో దాచుకుని వింటూ కూర్చుంది.

ఆదివారం నేను చర్చి గోడ బయట నిలబడ్డాను. సుగుణ గొంతు సన్నగా వినిపించింది. "నా చెయ్యి పూర్తిగా బాగయింది. దేవుడికి స్తోత్రం." లోపలి జనం అంతా కలిసి స్తోత్రం అన్నారు. కిటికీలోంచి చూస్తే ముందు వరుసలో జ్ఞానయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కన్నీళ్ళు దొంగవని ఆనాడు అన్నాను, ఇప్పుడు అనను. ఆయన నిజంగానే నమ్మాడు. పీడకలలో ఉన్నవాడికి తెల్లవారిందని చెబితే ఎవడు నమ్మడు? తన కంపెనీలో కాలిన చెయ్యి బాగయిందని సభలో ఆ పిల్లే చెబుతుంటే, ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఆపరేషను రోజు దగ్గరపడినప్పుడు టీచరమ్మ సుగుణను వెంటబెట్టుకుని ఖర్చు అడగడానికి కంపెనీకి పోయింది. నేనూ తోడు వెళ్ళాను. జ్ఞానయ్య లేచి కుర్చీ వేసి, కాఫీ తెప్పించాడు. సంగతి విన్నాక తన కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

"అక్కా, పిల్ల సభలో నిలబడి పూర్తిగా బాగయిందని చెప్పింది గదా."

"విశ్వాసంతో చెప్పింది జ్ఞానయ్యా. వేళ్ళు చూడు."

"చూస్తాండాను. వేళ్ళు మెల్లగా అవే వస్తాయి. దేవుడు చేసినాడని వందమంది ముందర చెప్పి, ఇప్పుడు మళ్ళా కత్తి పెట్టిస్తే ఆయన పనిని మనం తప్పు పట్టినట్టు గాదా? నువ్వు నేర్పిన వాక్యమే గదక్కా ఇది. నాకు సండేస్కూల్లో నువ్వే చెప్పినావు."

లెక్క తప్పిన పిల్లవాడికి ఎక్కడ తప్పిందో చూపించే టీచరమ్మ, తన లెక్క తానే చూసుకుంటూ కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. సుగుణ తల వంచుకుని, ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే లాగి చూసుకుంటోంది.

ఊళ్ళో ఈ సంగతి పాకింది. మా వాళ్ళకు దొరక్క దొరక్క దొరికిన కథ. చొక్కలింగం అని మా వక్త ఒకడుండేవాడు, వాడు మాట్లాడితే బజారు నిలబడిపోయేది. బస్టాండు దగ్గర మీటింగులో సుగుణ గొంతు అనుకరించి, వేళ్ళు ముడిచిన చెయ్యి పైకెత్తి స్తోత్రం అన్నాడు. జనం విరగబడి నవ్వారు. వేదిక మీద నేనూ ఉన్నాను. ఆ కథలో యజమానిని వాడు బాగా ఏకాడు, దేవుణ్ణి ఇంకా బాగా ఏకాడు. చప్పట్లు తగ్గాక, జనం వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. గొడుగు ఊతగా పట్టుకుని టీచరమ్మ నిలబడి ఉంది.

"బాగా చెప్పినావప్పా. అంతా నిజమే. ఆ పిల్ల చెయ్యి తెరిపించే సంగతి ఎప్పుడు చెప్తావు?"

చొక్కలింగం తడబడలేదు. "అది మీ దేవుణ్ణి అడగండమ్మా" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

"ఆయన్ని అడిగినాను. మిమ్మల్నీ అడగతాండాను. ఎవురో ఒకరు జవాబు చెప్పండి" అంది.

తర్వాతి వక్త లేచి హిందీని మన మీద రుద్దుతున్నారని మాట్లాడాడు. చర్చిలో సుగుణ సాక్ష్యం దేవుడికి పనికొచ్చింది, బస్టాండులో మాకు పనికొచ్చింది. ఆ చెయ్యి మాత్రం ఎవరికీ పట్టలేదు. హేతువాదం అంటే కారణం వెతకడం. మేము వెతికింది ఇంకో చప్పట్ల మోత. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను కోసేది ఇదే.

మర్నాడు నేను టీచరమ్మతో సత్తువాచారి వెళ్ళాను. అక్కడ కార్మికుల సంగతులు చూసే ఆఫీసులో, ఆపరేషను ఖర్చు కంపెనీ చేత ఇప్పించమని అర్జీ పెట్టాం. విచారణకు పిలిచేసరికే వానాకాలం వచ్చేసింది. జ్ఞానయ్య తరఫున చర్చి పెద్దలు ఇద్దరు వచ్చారు. ఆఫీసరు సుగుణను అడిగినవి రెండే ప్రశ్నలు.

"బాగయిందని నువ్వు సభలో చెప్పినావా లేదా?"

"చెప్పినాను సార్."

"ఎవరైనా బెదిరించినారా?"

"లేదు సార్."

టీచరమ్మ లేచి, "నేను చెప్పమన్నాను సార్. తప్పు నాది" అంది. ఆఫీసరు ఆమెను జాలిగా చూశాడు. పెద్దావిడ, ముసలితనం, పిల్ల మీద ప్రేమ అన్నట్టు తల ఊపి, ఇంకో తేదీ ఇచ్చాడు. ఆ తేదీకి ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన మొదటినుంచీ మొదలుపెట్టాడు. మేము బస్సెక్కేవాళ్ళం, దిగేవాళ్ళం. వేళ్ళు మాత్రం ఆఫీసు తేదీల కోసం ఆగలేదు, రోజురోజుకూ బిగుసుకుపోయాయి.

ఒక ఆదివారం టీచరమ్మ చర్చిలో సాక్ష్యాల వేళకు లేచింది. నేను ఆ రోజు గోడ బయట నిలబడలేదు. ఆమె రమ్మంది, లోపల చివరి వరుసలో నల్లచొక్కాతోనే కూర్చున్నాను. ఆమె మైకు పట్టుకుంది.

"సుగుణ చెయ్యి బాగవలా. బాగయిందని నేను చెప్పించినాను. దేవుడికి గొప్ప రావాలని పిల్ల నోట లేనిది పలికించినాను. ఆ సాక్ష్యం ఆ పిల్లది కాదు, నాది. దాన్ని నేను ఎనక్కి తీసుకుంటాండాను."

ఎవరో మైకు స్విచ్చి తీసేశారు. ఆమె ఆగలేదు. బడిలో చివరి బెంచీ దాకా వినబడే గొంతు అది. "జ్ఞానయ్యా, నీ మీద నాకు కోపం లేదు. నేను నేర్పిందే నువ్వు అప్పజెప్పినావు. ఇప్పుడు మార్చి నేర్పతాండాను, విను. దేవుడు బాగుచేస్తాడని ఆసుపత్రికి పోకుండా ఆపేది విశ్వాసం కాదు. బాకీ ఎగ్గొట్టే దారి అది."

సాక్ష్యం వెనక్కి తీసుకోవడం ఆ చర్చిలో ఎవరూ ఎరగరు. కొందరు ఏడ్చారు, కొందరు లేచి వెళ్ళిపోయారు. ఆ వారం నుంచి సండేస్కూలు వేరే ఆమెకు అప్పగించారు. శనివారం చాప మీద కూర్చునేవారు తగ్గిపోయారు. ఒక శనివారం పేపరు ముందు ఆమె, సుగుణ, నేనే మిగిలాం. దేవుణ్ణి నమ్మనివాడికీ ఒక వంతు వచ్చింది. కాట్పాడిలో కూలిన గోడ వార్త, "వాళ్ళకాడికి ఎవురు పోతారు?" అంటే నేను చెయ్యెత్తాను. ఆమె ప్రార్థన చేస్తుంటే నేను పేపరు మడత పెడుతూ కూర్చున్నాను.

చివరికి జ్ఞానయ్యే వచ్చాడు. సభ తర్వాత ఆయనకు నిద్ర పట్టలేదట. ఆపరేషనుకు తానే తీసుకెళ్ళాడు. డాక్టరు చెయ్యి తిప్పి చూసి, ముందే వచ్చి ఉండాల్సిందని మాత్రం అన్నాడు. వేళ్ళు సగమే తెరుచుకున్నాయి. సుగుణ గ్లాసు పట్టుకోగలదు, తలుపు గడియ తీయగలదు. జడ మాత్రం తనంతట తాను వేసుకోలేదు.

ఆ తర్వాత టీచరమ్మ బతికినన్నాళ్ళూ పొద్దున్నే సుగుణ ఇంటికి పోయి జడ వేసేది. మోకాళ్ళు నొప్పెట్టినా, వాన పడినా పోయేది. ఒకసారి నేను అక్కడే ఉన్నాను. ఏదో ఆలోచిస్తూ ఆమె దువ్వెన గట్టిగా లాగింది.

"మెల్లగా టీచరమ్మా. మీకు దేవుడి మీద కోపముంటే నా జుట్టు ఏం చేసింది?"

టీచరమ్మ చెయ్యి ఆగిపోయింది. తర్వాత నవ్వింది. సుగుణ కూడా నవ్వింది. ఆ పిల్ల ఆమెను ఎన్నడూ నిందించలేదు. నిందించి ఉంటే టీచరమ్మ ఇంకొన్నేళ్ళు బతికేదేమో అని నాకు అనిపిస్తుంది.

ఆ రోజు దారిలో తిరిగి వస్తుంటే, "ఇంకా ప్రార్థన చేస్తారా అమ్మా?" అని అడిగాను. ఈసారి వెక్కిరింత లేదు.

"చేస్తాను నాయనా. ఆ చెయ్యి సంగతి మాత్రం ఆయనతో తెగలా. నేను తప్పు చేసినాను సరే, ఆయన ఊరికే చూస్తా కూర్చున్నాడు గదా. పోయినాక అడగతాను." కొంత దూరం నడిచి మళ్ళీ అంది. "మనుషుల్ని మాత్రం బాగుండావా అని అడగడం మానేసినాను. ఆ మాటకు అందరూ బాగుండామనే చెప్తారు, మనకోసం. ఇంకా యాడ నొస్తాండాది అని అడగతాను. దానికి నిజం చెప్తారు."

ఆమె సమాధి మీద మట్టి వేసిన రోజు జ్ఞానయ్య, నేనూ పక్కపక్కనే నిలబడ్డాం. సుగుణ ఆ రోజు జుట్టు విరబోసుకునే వచ్చింది.

దేవుణ్ణి గురించి ఆమె చెప్పినదేదీ నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆమె దగ్గర నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్న. దాన్ని పట్టుకునే ఇన్నేళ్ళు పేపర్లకు రాశాను. నష్టపరిహారం అందింది, అంతా సంతోషంగా ఉన్నారని కంపెనీల వాళ్ళు చెప్పిన చోటికి వెళ్ళి అదే అడిగాను. పాలారు పక్క తోలు షెడ్లలో అడిగాను, మగ్గాల గుంటల దగ్గర అడిగాను. చాలాసార్లు ఆలస్యంగా అడిగాను.

మీరు ఆలస్యం చేయకండి. మీ వీధిలో పనిలో దెబ్బ తిని, బాగానే ఉన్నానని చెప్పి మిమ్మల్ని పంపేసిన మనిషి ఒకరుంటారు. మీకు పేరు తెలుసు. మీ గుడి వాళ్ళో, మీ పార్టీ వాళ్ళో, మీ యజమానో ఆ మనిషిని రేపు ఏదో ఒక వేదిక ఎక్కించకముందే ఈ సాయంత్రం వెళ్ళండి. ఇంకా ఎక్కడ నొప్పిగా ఉందో అడగండి. చెప్పేదాకా అక్కడినుంచి లేవకండి. చెప్పాక, డాక్టరు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని పోండి.